చూషణ చికిత్స - మొండి పుండ్లు: ఒక పరిశీలన

మానని పుండు మనిషిని మంచాన పడవేస్తుంది. ఇంటిల్లిపాదినీ అప్పుల పాలు చేస్తుంది. కోనసీమలో అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కాలికి కట్టుతో నెలల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగేవారు మనకు కొత్త కాదు. కొందరికి మధుమేహము వల్ల అరికాలిలో పడిన పుండు. కొందరికి బోదకాలి మీద పగిలిన చర్మము. కొందరికి పాముకాటు తరువాత కుళ్ళి ఊడిన కండ. మంచము దిగలేని వృద్ధులకు నడుము క్రింద ఒరపిడి పుండు. ఇట్టి పుండ్లకు పెద్ద ఆస్పత్రులలో ఒక కొత్త తరహా కట్టు కడుతున్నారు. పుండులో స్పాంజి పెట్టి, పైన పలుచని ప్లాస్టిక్ పొర అంటించి, దానికొక గొట్టము తగిలించి, చిన్న యంత్రముతో రాత్రింబగళ్ళు లోపలి గాలిని, రసిని పీల్చివేస్తారు. వైద్యులు దీన్ని పొడి అక్షరాలలో "వాక్" అంటారు. మనము చూషణ చికిత్స అనవచ్చును.

ఈ చికిత్సను గూర్చి వినవచ్చే ప్రశంసలు ముఖ్యంగా నాలుగు. అది పుండులోని చెడునంతా పైకి లాగివేస్తుందని ఒకటి. పుండుకు రక్తప్రసారాన్ని పెంచుతుందని రెండు. సూక్ష్మజీవులను తొలగిస్తుందని మూడు. మామూలు కట్టుకంటె త్వరగా మాన్పుతుందని నాలుగు. కాలు పోతుందేమోనని భయపడే కుటుంబానికి ఈ నాలుగు మాటలూ అమృతంలా వినిపిస్తాయి. యంత్రానికి రోజుల లెక్కన డబ్బు కట్టవలసివచ్చినా వెనుదీయరు. కాబట్టి ఈ మాటలలో నిజమెంతో తూచి చూడడం కేవలము పండిత చర్చ కాదు.

పుండు ఎందుకు మొండికేస్తుంది?

గాయము మానడం ఒక వరుసలో జరుగుతుంది. మొదట రక్తము గడ్డకట్టి గండిని పూడ్చుతుంది. తరువాత తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను తినివేస్తాయి. ఆపైన సన్నని రక్తనాళాలతో కూడిన ఎర్రని కొత్త కండ అడుగునుండి పెరుగుతుంది. చివరకు అంచులనుండి చర్మము పాకివచ్చి కప్పుతుంది. ఈ వరుస మధ్యలో ఎక్కడో ఆగిపోయినదే మొండి పుండు. రక్తము చాలకనో, చక్కెర అదుపులో లేకనో, చచ్చిన కండ మిగిలిపోయో, అదే చోట మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడో అది ఆగిపోతుంది.

గాయాన్ని గాలికి ఆరబెట్టాలని చాలామంది నమ్ముతారు. 1962లో జార్జి వింటర్ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడు పందుల చర్మముపై చిన్న గాయాలు చేసి, కొన్నిటిని ప్లాస్టిక్ పొరతో కప్పి, కొన్నిటిని తెరచి ఉంచి పోల్చి చూశాడు. కప్పినవాటిలో కొత్త చర్మము ఇంచుమించు రెండు రెట్లు వేగంగా పాకింది. గాయానికి తేమ కావాలి. అయితే రసి మడుగు కట్టరాదు. ఈ మాట కోనసీమ రైతుకు విప్పి చెప్పనక్కరలేదు. వరికి నీరు కావాలి, కాని మురుగు తీయని చేనులో పైరు కుళ్ళిపోతుంది. 2011 ఖరీఫులో ఇక్కడి రైతులు పంట విరామము ప్రకటించినప్పుడు వారు చెప్పిన బాధలలో మురుగు కాలువల దుస్థితి కూడా ఒకటి. చూషణ చికిత్స మొట్టమొదట ఒక మురుగు కాలువ. ఈ ఉపమానాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని బలమూ, దాని పరిమితీ రెండూ ఇందులోనే ఉన్నవి.

పీడనపు లెక్క

ఈ చికిత్సను "ఋణ పీడన చికిత్స" అని కూడా అంటారు. ఆ పేరు విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. సముద్రమట్టమున వాయుపీడనము 760 మిల్లీమీటర్ల పాదరసము. సాధారణంగా ఈ యంత్రము కట్టులోపల పీడనాన్ని 125 మిల్లీమీటర్లు తగ్గిస్తుంది. మిగిలినది 635. అది ఋణ సంఖ్య కాదు, శూన్యమంతకంటె కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటె ఎత్తైన అర్మకొండ 1680 మీటర్లు. ఆ శిఖరముపై గాలి పీడనము ఇంచుమించు ఇంతే ఉంటుంది.

మరి పుండు గల మనిషిని అర్మకొండ ఎక్కిస్తే పుండు మానుతుందా? మానదు. కారణము స్పష్టము. కొండమీద శరీరమంతటా పీడనము సమానంగా తగ్గుతుంది. కట్టుక్రింద మాత్రము లోపల తక్కువ, వెలుపల ఎక్కువ. పనిచేసేది ఆ తేడాయే. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు కాబట్టి, 125 మిల్లీమీటర్ల పాదరసము 170 సెంటీమీటర్ల ఎత్తు నీటి స్తంభముతో సమానము. అనగా చదరపు సెంటీమీటరుకు 170 గ్రాముల బరువు. 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు గల పుండుమీద, అంటే 20 చదరపు సెంటీమీటర్లమీద, మొత్తము 3 కిలోల 400 గ్రాముల బరువు పెట్టినట్లు వెలుపలి గాలి స్పాంజిని అదుముతుంది.

దీన్ని తరగతిలో చూపడం సులభము. తడిపిన స్పాంజి ముక్కను పలుచని పాలిథీన్ సంచిలో పెట్టి, సంచి మూతిని ఒక గొట్టము చుట్టూ గాలి చొరకుండా బిగించి, గొట్టము రెండవ కొనకు సూదిలేని పెద్ద సిరంజి తగిలించి లాగాలి. సంచి స్పాంజికి అతుక్కుపోతుంది; స్పాంజి కుంచించుకొని గట్టిపడుతుంది; నీరు సిరంజిలోకి వస్తుంది. స్పాంజిని నొక్కినదెవరు? సిరంజి కాదు, వెలుపలి వాతావరణము. కొబ్బరిబోండాములో గొట్టము పెట్టి త్రాగేటప్పుడు కూడా నీటిని పైకి నెట్టేది బయటి గాలియే కదా!

మొదటి ప్రశంసకు ఇదే సమాధానము. స్పాంజిలోని రంధ్రాలు కొబ్బరిపీచు అల్లికవలె ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక రసి వాటిగుండా సాఫీగా పోతుంది. కాని పోయేది ద్రవము మాత్రమే. కండకు అతుక్కొని ఉన్న నల్లని చచ్చిన పొరను, ఎముకలో దాగిన చీమును ఈ చూషణము లాగలేదు. వాటిని శస్త్రవైద్యుడు కత్తితో తీయవలసిందే. చచ్చిన కండ మీద ఈ కట్టు కట్టరాదని యంత్రముతోపాటు వచ్చే సూచనలలోనే ఉన్నది.

రక్తము పెరుగుతుందా? సూక్ష్మజీవులు పోతాయా?

1993లో జర్మనీలో ఫ్లైష్‌మన్, ఆయన సహచరులు ఎముక విరిగి బయటపడ్డ గాయాలకు ఇట్టి కట్టు వాడి ఫలితాలు ప్రకటించారు. అయితే ప్రపంచమంతటా ప్రచారము కల్పించినవి 1997లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్జెంటా, మోరిక్వాస్‌ల వ్యాసాలు. పందులపై చేసిన ప్రయోగాలలో 125 మిల్లీమీటర్ల వద్ద రక్తప్రవాహము నాలుగు రెట్లయినట్లు, కొత్త కండ పెరిగే వేగము నిరంతర చూషణములో 63 శాతము, ఆపి ఆపి చేసిన చూషణములో 103 శాతము హెచ్చినట్లు వారు చూపారు. తరువాత 300 మానవ గాయాలకు వాడగా 296 గాయాలు అనుకూలంగా స్పందించినవన్నారు.

ఇవి గొప్ప అంకెలే. కాని రెండు ప్రశ్నలు వేయాలి. పంది ఆరోగ్యమైనది, గాయము అప్పుడే చేసినది. పదేళ్ళ మధుమేహముతో నాళాలు ఇరుకైన పాదముతో దానికి సామ్యమెంత? ఇక ఆ 300 గాయాలకు సరిపోల్చదగిన మరొక జట్టు లేదు. మామూలు కట్టుతో వాటిలో ఎన్ని మానేవో తెలియనప్పుడు 296 అనే సంఖ్య యంత్రాన్ని గూర్చి చెప్పేది తక్కువ.

2009లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుండి కైరినోస్, ఆయన సహచరులు మరింత గట్టి ప్రశ్న వేశారు. కట్టుక్రింద కండలోని పీడనాన్ని కొలిచి చూడగా అది తగ్గలేదు, పెరిగింది! చూషణము హెచ్చినకొద్దీ అక్కడి రక్తప్రసారము తగ్గినట్లు కూడా వారికి కనబడింది. మన తరగతి ప్రయోగము చేసినవారికి ఇది వింతగా తోచదు. గాలి స్పాంజిని అదుముతుంది, స్పాంజి కండను అదుముతుంది. పైగా ఈ పరిశోధకులు కొలిచిన రీతి, మొదటివారు కొలిచిన రీతి వేరు. కాబట్టి "రక్తప్రసారము నాలుగు రెట్లవుతుంది" అని అన్ని పుండ్లకూ వర్తించే నియమంగా బోధించడం సరికాదు. నాళాలు పూడి రక్తమే చాలని కాలికి ఈ కట్టు మేలుకు బదులు కీడు చేసే అవకాశము కూడా ఉన్నది. ముందు నాళాల పరీక్ష జరగాలి.

కొత్త కండ పెరగడానికి మరొక కారణము చెబుతారు. స్పాంజి రంధ్రాలలోకి కండ ఉపరితలము చిన్న చిన్న బుడిపెలుగా లాగబడుతుంది. సాగదీయబడిన కణాలు విభజన చెందడానికి ప్రేరణ పొందుతాయి. ఇది రక్తపు సిద్ధాంతముకంటె నమ్మదగినదిగా తోస్తున్నది.

సూక్ష్మజీవుల విషయములోనూ మొదటి మాట నిలువలేదు. 2004లో హాలెండులో 54 మంది రోగులను పరీక్షించగా మొత్తము సూక్ష్మజీవుల సంఖ్యలో రెండు జట్ల మధ్య తేడా కనిపించలేదు. కొన్ని జాతులు తగ్గాయి. చీము పుట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్ మాత్రము పెరిగింది. కనుక చూషణము సూక్ష్మజీవనాశకానికి బదులు కాదు.

చీట్లు వేసి చేసిన పరీక్షలు

ఒక చికిత్స విలువ తేల్చడానికి న్యాయమైన మార్గము ఒకటున్నది. ఒకే రకమైన రోగులను తీసుకొని, ఎవరికి ఏ కట్టో చీట్లు వేసి నిర్ణయించి, రెండు జట్లనూ ఒకే గడువువరకు గమనించాలి. వైద్యుని ఇష్టానికి వదిలితే, మానే సూచనలున్న పుండ్లే కొత్త యంత్రానికి దక్కవచ్చును.

2005లో మధుమేహము వల్ల పాదములో కొంత భాగము తీసివేసిన 162 మందిపై ఇట్టి పరీక్ష జరిగింది. 16 వారాలలో చూషణ జట్టులో 56 శాతము, మామూలు జట్టులో 39 శాతము గాయాలు మానాయి. 2008లో 342 మంది మధుమేహ పాద రోగులలో 43 శాతానికి 29 శాతము. రెండింటిలోనూ చూషణానిదే పైచేయి. అయితే రెండింటికీ ధనసహాయము చేసినది యంత్రము తయారుచేసే సంస్థయే. అంతమాత్రాన ఫలితాలు అబద్ధము కావు. కాని స్వతంత్రులు కూడా తూచి చూడాలనడం సమంజసము. పైగా 2008లోనే జర్మను పరిశీలకులు ఒక లోపాన్ని ఎత్తిచూపారు. ఈ చికిత్సపై మొదలుపెట్టిన పరీక్షలలో కొన్ని మధ్యలో ఆగిపోయాయి, కొన్నిటి ఫలితాలు అచ్చులోకే రాలేదు. గెలిచిన పందెములు మాత్రమే చెప్పేవాని లెక్క ఎట్లుంటుందో ఊహించవచ్చును.

తరువాత జర్మనీలోనే 40 వైద్యశాలలలో మధుమేహ పాదపుండ్లపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. 345 మందిని లెక్కలోకి తీసుకోగా, 16 వారాలలో పూర్తిగా మూసుకొన్నవి చూషణ జట్టులో 14.6 శాతము, మామూలు జట్టులో 12.1 శాతము. ఆ కొద్ది తేడా యాదృచ్ఛికమే కావచ్చును. అట్లే 2018లో బ్రిటనునుండి వచ్చిన ఫలితము: కాలి ఎముక విరిగి బయటపడ్డ 460 మందిలో లోతైన చీము చూషణ జట్టులో 7.1 శాతానికి, మామూలు జట్టులో 8.1 శాతానికి పట్టింది. ఏడాది తరువాత నడక, పని విషయములో రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా లేదు.

అయితే 2005 నాటి గెలుపును, 2020 నాటి సమానాన్ని ఎట్లా పొందించాలి? మొదటి పరీక్షలోని గాయాలు శస్త్రచికిత్సతో శుభ్రపరచినవి. రక్తప్రసారము చాలునని చూసి ఎన్నుకొన్నవి. రెండవది నిత్యవ్యవహారములో ఎదురయ్యే పుండ్లపై, అనేక స్థలాలలో, అనేకుల చేతిమీదుగా జరిగినది. పొలము దున్ని, కలుపు తీసి, విత్తనము వేసిన చోట మురుగు కాలువ పంటను కాపాడింది. ఆ పనులు సరిగా జరగని చోట కాలువ ఒక్కటే పంట పండించలేకపోయింది. ఇది నా తీర్పు. కాని ఈ అంకెలకు ఇదే సహజమైన అర్థమని తోస్తున్నది.

ప్రమాదాలు, మన పరిస్థితులు

2009లోను, 2011లోను అమెరికా ఆహార, ఔషధ పాలనాసంస్థ ఈ యంత్రాలపై హెచ్చరికలు జారీచేసింది. రెండింటిలో కలిపి 12 మరణాలు, 174 గాయాలు నమోదయినవి. అన్నిటిలోకి ముఖ్యమైనది రక్తస్రావము. పెద్ద నాళము బయటపడి ఉన్నచోట, రక్తము పలచబడే మందులు వాడేవారిలో చూషణము ప్రాణాంతకము కావచ్చును. స్పాంజి ముక్క పుండులో మిగిలిపోయి కుళ్ళిన సంఘటనలు కూడా ఉన్నవి. లోపల పెట్టిన ముక్కలెన్నో కట్టుపైన వ్రాసిపెట్టడం అందుకే అవసరము.

మరొక నియమము కోనసీమకు ముఖ్యము. 24 గంటలలో 2 గంటలకు మించి చూషణము ఆగిపోతే స్పాంజి కట్టు విప్పి మామూలు కట్టు కట్టాలి. మూసిన పొరక్రింద నిలిచిన రసి సూక్ష్మజీవులకు విందు. యంత్రానికి బ్యాటరీ ఉంటుంది, నిజమే. కాని 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన ఈ సీమలో, విద్యుత్తు రోజుల తరబడి లేకపోవడమెట్టిదో పెద్దలకు తెలుసును. గోదావరి పాయ దాటి రావలసిన లంక గ్రామపు రోగిని యంత్రముతో ఇంటికి పంపేముందు, అది ఆగితే కట్టు విప్పేవారెవరని అడగడం వైద్యములో భాగమే.

ధర తగ్గించే ప్రయత్నాలు జరగకపోలేదు. మన దేశములో చాలా ఆస్పత్రులలో మామూలు స్పాంజి, గొట్టము, ప్లాస్టిక్ పొర కూర్చి గోడలోని చూషణపు గొట్టానికి తగిలిస్తారు. 2010 భూకంపము తరువాత హైతీలో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రూపొందిన చేతి పంపును వాడి చూశారు. దానికి విద్యుత్తే అక్కరలేదు. ఇవి మెచ్చదగినవి. అయితే పీడనము ఎంతో కొలిచే సాధనము, గొట్టము పూడినా రక్తము వచ్చినా పిలిచే మనిషి ఉన్నచోటనే ఇవి క్షేమము.

యంత్రముకంటె ముందు

మన పొరుగున వేలూరులో 1946 నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల అరికాలి పుండ్లను పరిశీలించి, అవి రోగము తినివేసినవి కావని, స్పర్శలేని పాదముపై పదేపదే పడే ఒత్తిడివల్ల పుట్టినవని చూపాడు. పాదానికి పూర్తిగా అమరేటట్లు పట్టీ వేసి ఒత్తిడిని పంచితే అవి మానేవి. మధుమేహములో కూడా పాదము స్పర్శ కోల్పోతుంది కాబట్టి తరువాత ఇదే పద్ధతి ఆ పుండ్లకు వ్యాపించింది. 2001లో 63 మందిపై చీట్లు వేసి చేసిన పరీక్షలో, 12 వారాలలో పట్టీ వేసినవారిలో 89.5 శాతము మానగా, మడమమీద నడిపించే సగము జోడు వాడినవారిలో 58.3 శాతము మానాయి. ఇవి లోతులేని, చీము పట్టని పుండ్లు కనుక పై అంకెలతో సూటిగా పోల్చరాదు. కాని పాఠము స్పష్టము. రోజంతా యంత్రము పీల్చినా, రోగి అదే పుండుమీద నడుస్తూ ఉంటే ఫలము శూన్యము.

ఇక "ఇది మన సుశ్రుతుడు ఎప్పుడో చెప్పినదే" అనే వాదము. సుశ్రుతసంహితలో కొమ్ము, సొరకాయ బుర్ర, జలగ అనే సాధనాలతో పీల్చే విధానాలున్న మాట నిజము. కాని అవి చెడురక్తము తీయడానికి కొద్దిసేపు చేసేవి. స్పాంజితో మూసి రోజుల తరబడి చేసే చూషణము వేరు. సుశ్రుతునినుండి గ్రహించవలసిన గొప్ప విషయము మరొకటున్నది. వ్రణాలకు ఆయన 60 ఉపక్రమాలు చెప్పాడు. ఒక్కటే ఉపాయము అన్ని పుండ్లకూ చాలదని అంతకంటె స్పష్టంగా చెప్పడమెట్లా?

కనుక చూషణ చికిత్సను త్రోసివేయనక్కరలేదు, తలకెత్తుకోనక్కరలేదు. రసి విపరీతంగా కారే లోతైన గాయానికి, శుభ్రపరచిన తరువాత చర్మము అతికించే ముందు, అతికించిన చర్మము కదలకుండా పట్టి ఉంచడానికి అది మంచి సాధనము. రోజూ విప్పి కట్టే బాధను రెండు మూడు రోజులకు ఒకసారిగా తగ్గిస్తుంది, దుర్వాసన తగ్గుతుంది. ఇవి రోగికి చిన్న మేళ్ళు కావు. కాని అది సేవకుడే గాని వైద్యుడు కాదు.

ఉపాధ్యాయులు తమ గ్రామాలలో నలుగురూ సలహా అడిగే మనుషులు. మానని పుండుతో ఎవరైనా వచ్చినప్పుడు, యంత్రము మాట ఎత్తకముందు నాలుగు ప్రశ్నలు వైద్యుని అడగమని చెప్పవచ్చును. కాలికి రక్తము చాలినంత వస్తున్నదా? చక్కెర అదుపులో ఉన్నదా? చచ్చిన కండ, ఎముకలోని చీము తీసివేశారా? పుండుమీద బరువు పడకుండా ఏమి ఏర్పాటు చేశారు? ఈ నాలుగింటికీ సరైన సమాధానము దొరికితే యంత్రానికి పెట్టే డబ్బుకు అర్థముంటుంది. దొరకకపోతే ఆ డబ్బు ముందుగా ఖర్చు పెట్టవలసిన చోటు మరొకటి ఉన్నదని తెలుసుకోవాలి.